విలియం లాంబ్టన్: కొలతకు కొలత పెట్టినవాడు

తుమకూరు జిల్లాలోని పావుగడ తాలూకాను దేశపటమునందు చూచినవారికి అది కర్ణాటక రాష్ట్రమునుండి దాదాపుగా విడివడి, తెలుగుసీమ నడుమకు వచ్చి కూర్చున్న ద్వీపమువలె దోచును. మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గము దానికి ఇరుగుపొరుగులు. అచ్చటి జనులలో పెక్కుమంది ఇంట తెలుగు మాటలాడుదురు. కచేరీలో కన్నడమున అర్జీలు వ్రాసికొందురు. ఉత్తరపినాకిని ఆ సీమగుండ పోవుచున్నను వానలు తక్కువ, నేల మెట్ట. ఆ మెట్టభూములలోనే 2018, 2019 సంవత్సరములలో వేలకొలది ఎకరముల మేర సౌరవిద్యుత్తు పలకలు వెలసినవి. ఈ సమతలముపై ఊరిని కావలి కాచుచున్నట్లు నిలిచిన రాతికొండ యొకటి కలదు. దానిపై పాళెగాండ్ర కాలపు కోటగోడలు నేటికిని చూడవచ్చును.

ఆ కొండకు మరియొక గౌరవము కలదు. అది ఊరివారిలో కూడ పలువురికి తెలియదు. పందొమ్మిదవ శతాబ్దారంభమున భూగోళముయొక్క ఆకారమును నిర్ణయించుటకై కన్యాకుమారినుండి ఉత్తరమునకు సాగిన మహామాపనమున, బెంగళూరునుండి గుత్తికి పోవు త్రికోణముల వరుస ఈ సీమమీదుగనే నడచినది. ఆనాటి సర్వే పత్రములలో ఈ కొండ పేరు పాఘర్ అను వికృతరూపమున కాన్పించును. ఆ పని నడపినవాడు విలియం లాంబ్టన్. ఆయన పిదప వచ్చిన ఎవరెస్టు పేరు ప్రపంచమున కెల్ల ఉన్నతమైన శిఖరమునకు తగిలి నిలిచిపోయినది. లాంబ్టన్ పేరు అంతగా నిలువలేదు. అయినను, యంత్రమును నమ్ముటకు ముందు దానిని పరీక్షింపవలెనను నియమమును ఈ దక్షిణదేశపు నేలపై ఆయనవలె నిష్ఠతో పాటించినవారు అరుదు. ఆ నియమమే ఆయన జీవితమునకు సారాంశము.

ఈ నియమము మనకు క్రొత్తది కాదు. అంగడికి పోయిన ముసలమ్మకు త్రాసుపై అనుమానము కలిగినచో ఏమి చేయును? సరకును, పడికట్టురాయిని తట్టలు మార్చి పెట్టి మరల తూచుమనును. రెండు తూకములును సరిపోయిన త్రాసు మంచిది. సరిపోకున్న తేడాలో సగము త్రాసు దోషము. ఇక రాతిమీదనే అనుమానమున్నచో దానిని మరియొక మంచి రాతితో సరిచూడవలెను. ఈ రెండు ఉపాయములను మించినది నేటి శాస్త్రశాలలలో కూడ లేదు. అచ్చట జరుగునది ఇవియే మిక్కిలి సూక్ష్మముగా జరుగుట. లాంబ్టన్ చేసినదియు నిదియే. అయితే ఆయన తూచినది భూమిని.

ఆయన 1750 దశకమున ఇంగ్లాండు ఉత్తరభాగమున, యార్కుషైరులోని నార్తలర్టన్ సమీపమున ఒక పేదకుటుంబమున జన్మించెను. చదువునందలి చురుకుదనము చూచి పెద్దలు ఆయనను ఆ ఊరి గ్రామరు పాఠశాలకు పంపిరి. అచ్చట గణితమున మిక్కిలి ఆసక్తి చూపెను. పిమ్మట సైన్యమున చిన్న అధికారిగా చేరి అమెరికా స్వాతంత్ర్యయుద్ధకాలమున సముద్రము దాటెను. యుద్ధానంతరమున కెనడాలోని న్యూబ్రన్స్‌విక్కు ప్రాంతమున పదియేండ్లకు పైగా సైనికుల బసల పర్యవేక్షణ యను సామాన్యోద్యోగమున గడపెను. చలికాలము దీర్ఘము, స్నేహితులు తక్కువ. ఆ ఏకాంతమున ఆయన గణితజ్యోతిషగ్రంథములను తనంత తానే పఠించెను. సూర్యగ్రహణమును తగిన నల్లని అద్దము లేకయే చూచుటచే ఒక కంటిచూపు దెబ్బతిన్నదందురు. తరువాతి ఇరువదియేండ్లు దుర్భిణితో నక్షత్రములను చూచి జీవించిన వానికి ఇది చిన్న లోపము కాదు. తన కంటికే లోపమున్నదని ఎరిగినవాడు యంత్రమును గ్రుడ్డిగా నమ్మకుండుటలో వింత లేదు.

నలువది యేండ్లు దాటిన పిమ్మట, 1796-97 ప్రాంతమున, ఆయన తన ముప్పదిమూడవ పటాలముతో హిందూదేశమునకు వచ్చెను. ఆ పటాలమునకు నాయకుడు ఆర్థరు వెల్లస్లీ. 1799లో టిప్పుసుల్తానుపై జరిగిన తుదియుద్ధమున లాంబ్టన్ శ్రీరంగపట్టణము ముట్టడికి పోయిన సేనలలో నుండెను. అచ్చట జరిగిన ఒక చిన్న సంఘటన ఆయన స్వభావమును చక్కగా తెలుపును. ఒకనాటి రాత్రి జనరల్ బెయిర్డు నాయకత్వమున ఒక దళము చీకటిలో శత్రువులను వెదకి మరలి వచ్చుచుండెను. లాంబ్టన్ తలయెత్తి నక్షత్రములను చూచి, దళము ఉత్తరదిశకు గాక దక్షిణదిశకు, అనగా నేరుగా శత్రువుల నడుమకు నడచుచున్నదని గ్రహించెను. నాయకుడు మొదట నమ్మలేదు. కడకు దిక్సూచి తీసి చూడగా లాంబ్టన్ మాటయే నిజమని తేలినది. దళము వెనుదిరిగి బ్రతికినది. త్రోవ తెలిసికొనుటకు ఒక్క సాక్షి చాలదు. ఒకదానితో నొకటి సంబంధములేని రెండు సాక్ష్యములు ఏకము కావలెను. ఆ రాత్రి ఒక సాక్షి నక్షత్రము, రెండవ సాక్షి దిక్సూచి.

టిప్పు మరణానంతరము దక్షిణాపథమున కుంఫిణీవారి అధికారము తూర్పుతీరమునుండి పడమటితీరమువరకు వ్యాపించెను. 1800లో నిజాము దత్తమండలములను వారి కప్పగించెను. ఏలవలసిన దేశము పెరిగినది గాని దాని పటములు లోపభూయిష్ఠములు. ఈ సమయమున మూడు విధముల కొలతలు ఒక్కమారే ఆరంభమైనవి. దత్తమండలమున మన్రో దొర 1800 నుండి 1807 వరకు ఉండి రైతుల పొలములను కొలిపించి శిస్తు నిర్ణయించెను. మైసూరు రాజ్యమున మెకంజీ దొర గ్రామములు, కొండలు, ఏరులు పటములకెక్కించుచు, మన కావలి సోదరుల సాయమున శాసనములను, కైఫీయతులను సేకరించెను. మూడవది లాంబ్టన్ తలపెట్టిన పని. చెన్నపట్టణము తీరమునుండి పడమటి తీరమువరకు త్రికోణములు కట్టి స్థానములను తప్పులేకుండ నిర్ణయింపవలెననియు, ఉత్తరదక్షిణముగా ఒక దీర్ఘరేఖను కొలిచి భూమి ధ్రువములవద్ద ఎంత చదునో కనుగొనవలెననియు ఆయన కోరెను. భూమి రూపము సరిగా తెలియనిదే సముద్రముపై నావికుడు వేసికొను లెక్కయు సరిగా నుండదు; ఒక డిగ్రీ అక్షాంశమునకు ఎన్ని మైళ్లో తెలిసిననేగదా నక్షత్రమును చూచి దూరము చెప్పగలుగుట. వెల్లస్లీ సిఫారసుపై చెన్నపట్టణపు గవర్నరు క్లైవు ప్రభువు దీనికి సమ్మతించెను.

పనిముట్ల కథయే ఒక పురాణము. 1793లో చైనా చక్రవర్తికి కానుకలుగా మెకార్టినీ రాయబారము తీసికొనిపోయిన శాస్త్రపరికరములలో, లండను నగరపు రామ్‌స్‌డెన్ చేసిన నూరడుగుల ఉక్కుగొలుసును, జెనిత్ సెక్టరు అను ఖగోళయంత్రమును ఉండెను. చక్రవర్తి వానిని ఆదరింపలేదు. అవి డిన్‌విడ్డీ అను పండితుని చేతికి వచ్చి కలకత్తాకు చేరెను; అచ్చటినుండి లాంబ్టన్ కొనిపించెను. కోణములు కొలుచుటకు కేరీ చేసిన పెద్ద థియొడొలైటు ఇంగ్లాండునుండి బయలుదేరినది. దాని చక్రము మూడడుగుల వెడల్పు, బరువు అరటన్ను. త్రోవలో ఫ్రెంచివారు ఆ యోడను పట్టుకొని మారిషస్సునకు తీసికొనిపోయిరి. అయినను విద్యకు ఉపయోగపడు వస్తువని తెలిసి, అచ్చటి ఫ్రెంచి గవర్నరు దానిని మర్యాదతో చెన్నపట్టణమునకు పంపించెను. రెండు జాతులు యుద్ధము చేయుచుండగా ఒక కొలతయంత్రము సంధిజెండా లేకయే హద్దు దాటినది.

త్రికోణములు కట్టు పనిలో మొదట ఒక్క భుజమును మాత్రము నేలపై కొలువవలెను. తక్కినవన్నియు కోణములనుండి లెక్కకు వచ్చును. ఆ మొదటి భుజమునకు ఆధారరేఖ యని పేరు. అందు తప్పు పడినచో ఆ తప్పు వందలమైళ్ల వరకు వెంట వచ్చును. లాంబ్టన్ 1800 చివర బెంగళూరువద్ద ఒక రేఖను కొలిచెను. 1802 ఏప్రిల్, మే మాసములలో చెన్నపట్టణమున పరంగిమల దగ్గరనుండి పెరుంబాకమువైపు సుమారు ఏడున్నర మైళ్ల రేఖను కొలిచెను. గొలుసును నేలమీద ఈడ్చుట లేదు. ముక్కాలిపీటలపై వరుసగా కొయ్యతొట్లు నిలిపి, వానిలో గొలుసు పరచి, ఒక కొనకు బరువు కట్టి ఎల్లప్పుడును ఒకే బిగువున నుండునట్లు చేసి, ప్రక్కన ఉష్ణమాపకములుంచి, ప్రతి మారును వేడిమి వ్రాసికొనిరి.

ఇంత శ్రమ యేలయని అడుగవచ్చును. నూరడుగుల ఉక్కుగొలుసు ఫారన్‌హీటు మానమున ఒక్క డిగ్రీ వేడికి అంగుళములో వెయ్యింట ఏడెనిమిది పాళ్లు పెరుగును. ఇది వెంట్రుక మందమునకు రెండుమూడింతలు. కాని ఏడున్నర మైళ్ల రేఖలో గొలుసును నాలుగువందల మార్లు పరుపవలెను. అప్పు డొక్క డిగ్రీ తప్పు మూడంగుళములగును. చెన్నపట్టణమున వేసవినాడు ఉదయమునకు మధ్యాహ్నమునకు నడుమ ఇరువది డిగ్రీల భేదముండుట సామాన్యము. వేడిమిని లెక్కింపని వాని రేఖలో ఐదడుగుల వరకు తప్పు దూరగలదు. ఇక గొలుసు వాడుకచే సాగును; కీళ్లు అరుగును. అందువలన లాంబ్టన్ ఇంగ్లాండునుండి వచ్చిన రెండవ గొలుసును పనికి వాడక పడికట్టురాయివలె దాచి, పాతగొలుసును దానితో మరల మరల పోల్చెను. గొలుసు ఎంత సాగినదో తెలిసినచో సాగుట దోషము కాదు, తెలియకపోవుటయే దోషము.

ఈ జాగ్రత్తకు ఫలము 1804లో కనబడినది. త్రికోణములు చెన్నపట్టణమునుండి సుమారు రెండువందల మైళ్లు పడమటికి నడచి బెంగళూరు చేరినవి. అచ్చట ఆయన సహాయకుడు వారెన్ మరల ఒక ఆధారరేఖను గొలుసుతో కొలిచెను. కోణముల లెక్కనుబట్టి రావలసిన నిడివికిని, నేలపై వచ్చిన నిడివికిని భేదము నాలుగంగుళములు మించలేదు. ఏడుమైళ్ల రేఖపై నాలుగంగుళములు! తూర్పుకనుమల మీదుగా, అడవులగుండ, జ్వరములతో పోరాడుచు తెచ్చిన లెక్క అట్లు సరిపోయినది.

దూరము నేలపై తేలినంత మాత్రమున భూమిరూపము తేలదు. రెండు స్థానముల నడుమ దూరమెంతయో, వాని అక్షాంశముల నడుమ భేదమెంతయో రెండును తెలియవలెను. అక్షాంశమునకై జెనిత్ సెక్టరు పనికివచ్చును. నడినెత్తికి దాపుగా పోవు నక్షత్రము, సరిగా నెత్తిమీది బిందువునకు ఎంత యెడముగా నున్నదో ఆ యంత్రము చూపును. నెత్తిమీది బిందువును నిర్ణయించునది తాపీవాడు గోడకు పట్టు గుండుదారము వంటి లంబసూత్రమే. ఒకే నక్షత్రమును రెండు ఊళ్లనుండి చూచినచో ఆ రెండు ఎడముల భేదమే అక్షాంశభేదము. ఇందు యంత్రపు దోషమును తొలగించు ఉపాయము మన ముసలమ్మ ఉపాయమే. ఒకరాత్రి యంత్రముఖమును తూర్పునకును, మరురాత్రి పడమటికిని త్రిప్పి అదే నక్షత్రమును చూతురు. యంత్రము ఒకవైపు ఎక్కువ చూపినచో రెండవవైపు అంతే తక్కువ చూపును. సగటు తీయగా దోషము చెదరిపోవును. లాంబ్టన్ ఒక్కొక్క స్థానమున పెక్కు రాత్రులు పెక్కు నక్షత్రములను ఇట్లు రెండు ముఖములతో చూచెను.

బెంగళూరునుండి ఉత్తరముగా గుత్తివైపు త్రికోణములు సాగిన దేశము ఈ పనికి విధి నిర్మించినట్లున్నది. పావుగడ, పెనుకొండ, గుత్తి - ఒక్కొక్క దుర్గము మీదినుండి ఎన్నో ఆమడల దూరమున నున్న మరియొక కొండ కనబడును. పాళెగాండ్రు శత్రువులరాక కనిపెట్టుటకు ఎన్నుకొన్న శిఖరములే సర్వేవారికి పనికివచ్చినవి. అరటన్ను యంత్రమును ఈ కొండలపైకి మోసినది మన కూలీలు. ముందుగా పోయి జెండాలు పాతి, గాలివానలలో వానిని కాచినది మన లస్కరులు. చెన్నపట్టణమున 1794లో స్థాపింపబడిన సర్వే పాఠశాలలో చదివిన బాలురు కోణములు వ్రాసికొనిరి, లెక్కలు కట్టిరి. ఆ బాలులలో కొందరి పేర్లు గ్రంథములలో నిలిచినవి. మోసినవారి పేర్లు నిలువలేదు.

ఈ భాగముననే లాంబ్టన్ జీవితమునకెల్ల ముఖ్యమైన పరీక్ష వచ్చినది. బెంగళూరువద్ద దొడ్డగుంట యను స్థానమున నక్షత్రములు చెప్పిన అక్షాంశమునకును, ఇతరస్థానములనుండి లెక్కగట్టిన అక్షాంశమునకును కొన్ని సెకనుల భేదము కాన్పించినది. డిగ్రీలో 3600వ పాలు ఒక సెకను. భూమిపై అది సుమారు నూరడుగులు. గొలుసును అంగుళములవరకు సరిచూచిన వానికి వందలకొలది అడుగుల తప్పు! యంత్రమును తిరిగి పరీక్షించెను, నక్షత్రములను తిరిగి చూచెను, భేదము పోలేదు. అట్టి సమయమున బలహీనుడైనవాడు ఏమి చేయును? నచ్చని స్థానమును లెక్కనుండి తొలగించును. లేదా అంకెలను కొంచెము సర్ది, ఐరోపా పండితులు ఎదురుచూచు సమాధానమునే పంపును. ఇన్ని వేలమైళ్ల దూరమున నున్న వారికి ఎట్లు తెలియును? లాంబ్టన్ ఆ పని చేయలేదు. భేదమును ఉన్నదున్నట్లు ప్రకటించి, యంత్రము తప్పుకాదు, లెక్క తప్పుకాదు, లంబసూత్రమే ప్రక్కకు లాగబడుచున్నదని నిశ్చయించెను. భూగర్భమున ఆ సమీపమున బరువైన ధాతుశిలలు ఉండి తమవైపునకు గుండును ఆకర్షించుచున్నవని ఆయన ఊహ.

ఈ మాట ఎంత గంభీరమైనదో ఆలోచింపుడు. నేల సమముగా నున్నదని, గోడ నిట్టనిలువుగా నున్నదని మనము నమ్మునది గుండుదారమును చూచియే. ఆ గుండే ఒరిగినచో దానిని ఒరిగినదని చెప్పుటకు మరియొక గుండు లేదు. నక్షత్రములును, నేలమీది గొలుసును కలిసి సాక్ష్యము చెప్పిననే అది తెలియును. తన పరికరములు మూడింటిని వేరువేరుగా పరీక్షించి వాని తప్పులు ఎంతవో ముందే ఎరిగియుండుటచేతనే, మిగిలిన తప్పు యంత్రముది కాదు, భూమిదని చెప్పు ధైర్యము లాంబ్టన్‌కు కలిగినది.

1808లో ఆయనకు మరియొక విపత్తు సంభవించెను. తంజావూరి బృహదీశ్వరాలయపు విమానముపైకి పెద్ద థియొడొలైటును ఎక్కించుచుండగా త్రాడు తెగి యంత్రము గోడకు కొట్టుకొనెను. చక్రము వంగిపోయినది. క్రొత్తది తెప్పింపవలెనన్న ఏండ్లు పట్టును. చెన్నపట్టణమున ఖర్చులు చూచి గొణుగువారికి అదియొక సాకగును. లాంబ్టన్ యంత్రమును విప్పి ఇంచుమించు ఆరువారములు దానితోనే గడపెను. చదునైన పలకపై అసలు చక్రపు వలయమును గీయించి, చీలలతో, మరలతో, కొయ్యసుత్తులతో వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా చక్రమును ఆ వలయమునకు తెచ్చెను. బాగుచేసినంతనే నమ్మెనా? లేదు. ఆ పిదప కోణములను చక్రపు వేరువేరు భాగములపై పెక్కుమార్లు చదివి సగటు తీయుటచే మిగిలిన వంకరను అదుపులో నుంచెను.

మరుసటియేట ఆయన కన్యాకుమారి సమీపమున పున్నై చేరెను, దక్షిణపుకొన దొరికినది. 1811లో గుత్తివద్ద ఆధారరేఖ కొలిచి, నామతాబాదున నక్షత్రములు చూచెను. 1815 నాటికి నిజాము రాజ్యమున దామరగిద్ద వరకు రేఖ సాగెను. ఈ కాలమున ఆయనకు ఎదురైన ఆక్షేపణలు తక్కువ కాదు. శ్రీరంగపట్టణమునకు పోవలెనన్న పల్లకీబోయీలకు చెప్పిన చాలును, ఇంత గణితమెందులకని ఒక అధికారి పరిహసించెనట! బోయీలకు త్రోవ తెలియుననుట నిజమే. కాని త్రోవ తెలియుట వేరు, ఊరు భూమిపై ఎక్కడ నున్నదో తెలియుట వేరు. లాంబ్టన్ వాదములకు దిగక, కొలతలను ఏసియాటిక్ సొసైటీ గ్రంథములలో ప్రకటించుచు పోయెను. 1817లో లండను రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది. 1818 జనవరినుండి ఆయన శాఖ కలకత్తా ప్రభుత్వము క్రిందికి వచ్చి హిందూదేశ మహాత్రికోణమితి సర్వే అను పేరు వహించెను.

హైదరాబాదే ఆయనకు కడపటి స్థావరము. 1818 చివర జార్జి ఎవరెస్టు సహాయకుడుగా అచ్చటికి వచ్చి చేరెను. మరుసటియేట కృష్ణాగోదావరుల నడిమి అడవులలో పనికి పోయిన ఎవరెస్టు పరివారమునంతను జ్వరము పట్టి పలువురు మరణించిరి. డెబ్బదియేండ్ల ముసలివాడై, క్షయకాసలతో బాధపడుచున్నను లాంబ్టన్ విశ్రమింపలేదు. స్థావరమును నాగపురమునకు మార్చ నిశ్చయించి, ఉత్తరముగా ప్రయాణము సాగించుచు, 1823 జనవరిలో వార్ధా సీమయందలి హింగన్‌ఘాట్‌లో గుడారముననే కన్నుమూసెను. సమాధి అచ్చటనే కలదు. దేశమున మూడులక్షల చదరపు కిలోమీటర్లకు పైగా కొలిచినవాడు చివరకు త్రోవప్రక్క ఊరిలో నిలిచిపోయెను.

ఆయన అంకెలు నిలిచెనా యన్న ప్రశ్నకు నిజము చెప్పవలెను: చాలభాగము నిలువలేదు. ఎవరెస్టు గొలుసును విడిచి, వేడికి నిడివి మారకుండునట్లు రెండు లోహములతో కూర్చిన కడ్డీలను తెచ్చి, బీదరునుండి ఉత్తరపురేఖను మరల కొలిపించెను. దక్షిణభాగమును కూడ 1860 దశకమున సర్వేవారు తిరిగి కొలిచిరి. బెంగళూరి ఆధారరేఖ 1868లో మరల కొలువబడినది. ఇది లాంబ్టన్‌కు అపకీర్తి కాదు. మరియొకడు సరిచూడగలుగునట్లు తన పనిని పూర్తిగా వ్రాసిపెట్టినవాని పనినే ఇతరులు సరిచూడగలరు. ఆయన కొలతల ఆధారముతో 1830లో ఎవరెస్టు నిర్ణయించిన భూగోళరూపము, పెక్కు దశాబ్దములు మన పటములకు పునాదియై, 2005 నాటి జాతీయపటవిధానము వచ్చువరకు నిలిచినది. అందు భూమి చదునుదనము సుమారు 301లో ఒకపాలు. నేడు ఉపగ్రహములు తేల్చినది సుమారు 298లో ఒకపాలు. ఉక్కుగొలుసుతో, గుండుదారముతో ఆరంభమైన పని ఎంత దగ్గరకు వచ్చినదో చూడుడు.

ఆయన నేర్పిన పద్ధతి మాత్రము వంశపారంపర్యమువలె సాగినది. లాంబ్టన్ వద్ద యౌవనమున పనిచేసిన హెన్రీ కేటరు ఇంగ్లాండునకు మరలిపోయి 1817లో ఒక లోలకమును కల్పించెను. దానిని ఒక కొనతో వ్రేలాడదీసి ఊపి, పిదప తలక్రిందులు చేసి రెండవకొనతో ఊపుదురు. రెండు ఊపుల కాలము సమానమగునట్లు సర్దినచో లోలకపు నిజమైన నిడివి తేలి, భూమ్యాకర్షణ యెంతో సూక్ష్మముగా తెలియును. గురువు సెక్టరును తూర్పుపడమరలకు త్రిప్పెను. శిష్యుడు లోలకమును తలక్రిందులు చేసెను. ఉపాయమొక్కటియే.

దొడ్డగుంటవద్ద ఒరిగిన గుండు కూడ సంతానము లేకుండ పోలేదు. హిమాలయ సమీపమున ఐదు సెకనులకు పైగా కనబడిన అట్టి భేదముపై 1855లో ప్రాట్, ఏరీ అను పండితులు విచారించి, పర్వతముల క్రింద భూమి తేలికయై నీటిమీది మంచుగడ్డలవలె అవి తేలుచున్నవను సిద్ధాంతమునకు దారితీసిరి. దానిని పరీక్షించుటకై 1865నుండి బసెవీ అను సర్వే అధికారి లోలకములతో దేశమంతట తిరిగెను. లాంబ్టన్ నిలిచిన బెంగళూరు, నామతాబాదులలోను ఆయన లోలకములు ఊగినవి. 1871 జూలైలో లడఖు ఉన్నతభూములలో చలికిని శ్రమకును తాళలేక మరణించెను. ఆయన పిదప ఆ లోలకములను మరల ఇంగ్లాండులోని క్యూ వేధశాలకు చేర్చి, మొదట ఊపినచోటనే ఊపి, మధ్యకాలమున మారలేదుగదాయని చూచిరి. మనిషి పోయినను కొలతకు కొలత పెట్టుట మానలేదు.

నేడు ఓడలలో, విమానములలో, క్షిపణులలో దిక్కును, వేగమును చెప్పు చిన్నపరికరములు కలవు. వానిలో త్వరణమును గ్రహించునది నిజమునకు లంబసూత్రపు మనుమరాలే. దానిని వాడుకకు ముందు బల్లపై నిలిపి ఒకమారు పైముఖముగను, ఒకమారు క్రిందిముఖముగను త్రిప్పి చదువుదురు. రెండు చదువుల మొత్తములో సగము దాని పక్షపాతము; భేదములో సగము భూమ్యాకర్షణతో పోల్చి దాని మానమును తెలుపును. వేడిచేసి, చల్లార్చి మరల చదువుదురు. ఆ బల్లయున్నచోట భూమ్యాకర్షణ యెంతో ముందే తెలియవలెను. అదియో ఊరూరికి మారును. హైదరాబాదున 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనాలయము దేశపు ఆకర్షణను కొలుచుచున్నది. అదే నగరమున రీసెర్చి సెంటర్ ఇమారతువారు నౌకాయాన, క్షిపణి పరికరముల పనిలో నున్నారు. లాంబ్టన్ చివరిస్థావరమైన ఊరిలోనే ఆయన రెండు విద్యలును కాపురము చేయుచున్నవి.

ఆయనను దేవునిగా చేయనక్కరలేదు. ఆయన కొలిచిన దేశము ఆయనది కాదు. కొలిపించినవారు విద్యకై మాత్రము ధనము వెచ్చించిన వదాన్యులును కారు; పటము చేతనున్నవానికి పాలన సులభము. కొండలపైకి యంత్రము మోసి జ్వరములతో చచ్చినవారికి సమాధిరాయియు లేదు. ఈ ఋణమును మరచి ఆయన కీర్తిని పాడుట, ఒక తట్టలో మాత్రము సరకు పెట్టి తూచుట వంటిది. రెండు తట్టలను చూచిన పిదప కూడ ఆయనయందు నిలుచు గుణమొకటి కలదు: తన అంకె తన కోరికకు లొంగలేదు.

ఉద్యోగములలో, వ్యాపారములలో, శాస్త్రశాలలలో నేడు మనవారు అంకెలతోనే జీవించుచున్నారు. ఏ వైద్యుడైనను, ఇంజనీరైనను, లెక్కల పరీక్షకుడైనను చేతిలోని పరికరమును, ముందున్న పట్టికను నమ్మియే నిర్ణయము చేయును. ఆ పరికరమును ఎవరు, ఎప్పుడు, దేనితో సరిచూచిరి అను ప్రశ్న అడుగువారు తక్కువ. సరిపోని అంకెను దాచక పత్రమున వ్రాయువారు ఇంకను తక్కువ. కాని అట్లు వ్రాసిన కొన్ని సెకనుల తప్పునుండియే పర్వతముల మూలములు తెలిసినవి. పావుగడకు పోవు తెలుగువారు ఎప్పుడైన ఆ కోటకొండనెక్కి తూర్పుగా పెనుకొండవైపు చూతురుగాక. కనబడు ప్రతి శిఖరమును ఒకప్పు డొక ముసలిసైనికుడు మరల మరల చూచి, తన కంటిని, యంత్రమును, చివరకు క్రిందనున్న భూమిని సయితము సంశయించి, ఆ సంశయమునుండియే సత్యమును రాబట్టెను.